కటింగ్ బల్ల అలిగింది

పొద్దున్నే షట్టరు ఎత్తగానే మాస్టరు చేసే పనులకు ఒక వరస ఉండేది. ముందు చెప్పులు బయట విడిచేవాడు. గోడకున్న మేకు మీంచి టేపు తీసి మెడలో వేసుకునేవాడు. తర్వాత గది మధ్యలో ఉన్న కటింగ్ బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఒకసారి నిమిరేవాడు. దుమ్ముందేమో చూస్తున్నా అనేవాడు ఎవరైనా అడిగితే. దుమ్ము చూడటానికి అంత మెల్లగా నిమరక్కర్లేదని ఆ షాపులో అందరికీ తెలుసు.

అందరూ అంటే ముగ్గురే. బట్ట కత్తిరించే మాస్టరు, మిషను తొక్కే ఆయన తమ్ముడు, కాజాలు కుట్టి గుండీలు వేసే కూతురు. తమ్ముణ్ణి వీధి వీధంతా చిన్నాన్న అనే పిలిచేది. కూతురు పొద్దస్తమానం అలా పిలుస్తుంటే అందరి నోటికీ అదే పట్టేసింది. కూతుర్ని మాత్రం గుండీ అనేవారు. చిన్నప్పుడు ఒక గుండీ మింగి ఇల్లంతా హడలగొట్టింది కాబట్టి ఆ పేరొచ్చిందని తండ్రి చెప్పేవాడు. ఇన్నేళ్ళయినా గుండీలు కుట్టడం తప్ప ఇంకో పని చేయనివ్వలేదు కాబట్టి వచ్చిందని కూతురు చెప్పేది.

ఆ బల్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనిషి కాళ్ళు చాపుకుని పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పొడుగు, బరువైన ముదురు చెక్క, పైన ఎప్పటిదో వార్నిష్. ఆ వార్నిష్ మీద మాస్టరు ఎండలు ముదిరే ముందొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి మైనం పట్టించేవాడు. కటింగ్ బల్ల అంటే అన్నం తినే బల్ల కాదు కదా. రోజంతా కత్తెర కింది రెక్క దాన్ని రాసుకుంటూ పోతుంది. మిషను నూనె చుక్కలు పడతాయి, టీ గ్లాసులు అచ్చులు వేస్తాయి, సుద్ద పొడి సందుల్లోకి దిగుతుంది. మైనం ఉంటే అవన్నీ పైపైనే ఆగిపోతాయి, ఒక్క తుడుపుతో పోతాయి. ఇంకో సుఖం కూడా ఉంది. మైనం బాగా పట్టిన బల్ల మీద ఎంత పలచని బట్టయినా పోగు పట్టకుండా జారుతుంది, ఎటు లాగితే అటు వస్తుంది. మాస్టరు కత్తిరించిన చొక్కా భుజం దగ్గర ఎప్పుడూ పట్టేయదని పేరు. ఆ పేరులో సగం బల్లదేనని ఆయనే ఒప్పుకునేవాడు. మిగతా సగం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

అలాంటిది, కిందటేడు వానలప్పటి నుంచి ఆయన కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట్లో టీ తొణికితే గ్లాసును తిట్టాడు. తర్వాత గీత వంకరపోతే సుద్దను తిట్టాడు. తిట్టడానికి ఇంకేమీ మిగలని రోజున కత్తెర కింద పెట్టి, "ఇవాళ తలనొప్పిగా ఉంది" అని కుర్చీలో కూర్చున్నాడు. ఆ తలనొప్పి మర్నాడూ తగ్గలేదు, ఆ మర్నాడూ తగ్గలేదు. కత్తిరించాల్సినవి తమ్ముడు మిషను దిగి వచ్చి, హడావిడిగా కత్తిరించి మళ్ళీ మిషనెక్కేవాడు. మైనం డబ్బా అర మీదే ఉండిపోయింది. ఎండలొచ్చి పోయాయి, వానలొచ్చి పోయాయి, ఎవరూ దాని మూత తీయలేదు.

బల్ల ఊరుకుంటుందా? అలిగింది.

ఆ ఊళ్ళో సామాన్లు అలగడం ఎవరికీ వింత కాదు. పట్టించుకోకపోతే అలుగుతాయి, అలక ముదిరితే లేచి వెళ్ళిపోతాయి. ఎదురింటివాళ్ళు పుస్తకాల బీరువా మీద వేడి గిన్నె పెట్టారని అది మెట్లు దిగి, వీధి వెంట నడుచుకుంటూ పోయి సెలూన్‌లో చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. సెలూన్ అతను దాన్లో తువ్వాళ్ళు పెట్టుకుంటాడు. పుస్తకాలవాళ్ళు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినప్పుడు దాని వైపు చూడకుండా కూర్చుంటారు. ఒకసారి గడప దాటిన సామానును వెనక్కి తెచ్చుకోవడం జరగని పని. లాగితే కదలదు, మోస్తే బరువెక్కుతుంది. ఎవరి దగ్గర ఆగితే వాళ్ళదే. పోలీసులు కూడా ఆ ఫిర్యాదులు తీసుకోరు. "దాన్ని మీరేం చేశారో ముందు అది చెప్పండి" అంటారు.

కటింగ్ బల్ల మొదట సొరుగు బిగబట్టింది. పిన్నుల డబ్బా లోపల, మనుషులు బయట. తర్వాత బట్ట పరిస్తే పట్టుకుని వదలడం మానేసింది. పలచని గుడ్డ లాగితే పోగులు లేచొచ్చేవి. ఆ తర్వాత నడక మొదలుపెట్టింది, రోజుకు జానెడో, బెత్తెడో, తలుపు వైపు. బట్టలిచ్చేవాళ్ళు పక్కకు ఒదిగి లోపలికి రావలసొచ్చింది.

"ఏంటి మాస్టరూ, బల్ల బయల్దేరినట్టుందే?" అనేవాళ్ళు, వాన వచ్చేట్టుందే అన్నంత మామూలుగా.

మాస్టరు వినపడనట్టు కూర్చునేవాడు. ఆయనకు చెవులు బాగానే పనిచేసేవి.

ఒకరోజు టీ తాగేటప్పుడు చిన్నాన్న గ్లాసు కింద పెట్టి అసలు విషయం ఎత్తాడు.

"అన్నయ్యా, ఇలా లాభం లేదు. దాని పైన మైకా అంటించేద్దాం. తెల్లటి షీటు, నున్నగా ఉంటుంది. నూనె పడ్డా తుడిచేస్తే సరి, టీ పడ్డా తుడిచేస్తే సరి. మైనం గొడవ లేదు, అలకల గొడవ అసలే లేదు. పైన జిగురేసి నొక్కేశాక దానికి అలగడానికి మొహమెక్కడుంటుంది? సోమవారం మనిషి వస్తానన్నాడు. ఎలాగూ ఇకమీదట కటింగ్ నేనే చూసుకోవాలి కదా."

గుండీ చేతిలో సూది ఆగిపోయింది.

"కటింగ్ నేను చూసుకుంటా" అంది.

ఆమె ఇంట్లో నేల మీద పాత దుప్పట్లు పరుచుకుని, మోకాళ్ళు కాయలు కాసేలా కత్తిరించి కత్తిరించి నేర్చుకుందని ఇద్దరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టే ఉండిపోయారు, అదేదో పిల్లల ఆట అన్నట్టు.

"నువ్వా?" అన్నాడు చిన్నాన్న నవ్వి. "ఆ బల్ల అవతలి అంచు అందుతుందా నీకు?"

"అందకపోతే చుట్టూ తిరిగి వెళ్తా."

ఇద్దరూ మాస్టరు వైపు చూశారు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఛాతీ కొలత కంటి చూపుతో చెప్పగల మనిషి ఆయన. సొంత వాళ్ళిద్దరి మధ్య మాత్రం ఏమీ తేల్చలేకపోయాడు. తమ్ముడికి కోపమొస్తుందని ఒక భయం, కూతురు చిన్నబుచ్చుకుంటుందని ఒక భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. కత్తెర ఎవరికిచ్చినా తనకిక అది లేదన్నమాటే కదా.

"నన్నడుగుతారేంటి?" అన్నాడు చివరికి. "ఆ బల్ల ఎవరి దగ్గర ఆగితే వాళ్ళే మాస్టరు. పొండి."

"సరే" అంది గుండీ. "సోమవారం లోపల దాని అలక తీరుస్తా. తీరితే మైకా లేదు, కత్తెర నాది."

"తీరకపోతే?"

"తీరకపోతే నీ మైకాకి జిగురు నేనే రాస్తా చిన్నాన్నా."

చిన్నాన్న పడీ పడీ నవ్వాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఇన్నేళ్ళూ కూర్చుని మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు పట్టేశాయి. ఒక్కసారయినా బల్ల ముందు నిటారుగా నిలబడి, మెడలో టేపు వేసుకుని, వచ్చినవాళ్ళ చేత మాస్టరూ అనిపించుకోవాలని ఆయనకూ ఉంది. ఆ కోరికలో తప్పేముంది? కాకపోతే ఆయనకు కటింగ్ అంటే ఓపిక తక్కువ. భుజం దగ్గర అరంగుళం అటూ ఇటూ అయితే, "వేసుకుంటే అదే సర్దుకుంటుంది" అంటాడు.

శనివారం మధ్యాహ్నం అన్నాదమ్ములు భోజనానికి వెళ్ళగానే గుండీ స్టూలెక్కి మైనం డబ్బా దించింది. మూత తీస్తే లోపల మైనం ఎండి, నెర్రెలిచ్చి ఉంది. బల్లేమో అప్పటికే తలుపు దగ్గర. ఇంక ఒక్క అడుగు వేస్తే గడప. నాన్న మైనం పట్టించడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది గానీ, చూడటం వేరు, చెయ్యి పెట్టడం వేరు. ఆయన ఎప్పుడు ఆగేవాడో, ఎంత తీసేవాడో ఏమీ గుర్తు రాలేదు.

దర్జీ ఇంట్లో పుట్టినవాళ్ళకు కంగారు పుడితే చెయ్యి ఎక్కడికి పోతుంది? ఇస్త్రీ పెట్టె మీదికి పోతుంది. ముడత వచ్చినా అదే మందు, మడత వంకరపోయినా అదే మందు. గట్టిపడ్డ మైనానికి వేడి తగిలిస్తే కరుగుతుంది, కరిగితే లోపలికి దిగుతుంది, దిగితే అలక తీరుతుంది. ఆమె లెక్క అది. మైనం పెచ్చులు పెచ్చులుగా తీసి బల్లంతా దట్టంగా మెత్తి, పైన తడిగుడ్డ పరిచి, ప్యాంటు మడతకు పెట్టినంత వేడి పెట్టి, ఇస్త్రీ పెట్టె పెట్టి నొక్కింది.

వేడిగా ఉన్నంతసేపు బల్ల ధగధగలాడిపోయింది. గుండీ పొంగిపోయింది. తర్వాత అది చల్లారింది. చల్లారేకొద్దీ పైనంతా జిడ్డు తేలింది, గాల్లో ఉన్న దూదిపోగులన్నీ వచ్చి దానికి అంటుకున్నాయి. సరిగ్గా బల్ల నడిమధ్యన, వార్నిష్ పాలిపోయి, ఇస్త్రీ పెట్టె ఆకారంలో ఒక తెల్లటి మచ్చ తేలింది. దాని ముక్కు తలుపు వైపు చూపిస్తోంది.

బల్ల చల్లారే దాకా ఓపిక పట్టింది. ఆ తర్వాత ముందరి కాలొకటి ఎత్తి గడప అవతల పెట్టింది. కాసేపాగి రెండో కాలు కూడా పెట్టింది.

గుండీకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే మిగతా రెండు కాళ్ళూ పోతాయని తోచి, ముక్కు తుడుచుకుని లేచింది. వెళ్ళి బల్ల ఎదురుగా మెట్టు మీద నిలబడింది.

"ఆగు" అంది. "తప్పు నాదే. నాకు చేతకాక చేశాను, నిర్లక్ష్యంతో కాదు. సోమవారం దాకా ఆగు. అప్పటికీ నీకు ఉండబుద్ధి కాకపోతే నేనే పక్కకు తప్పుకుంటా."

బల్ల ఏమీ అనలేదు. బల్లలు మాట్లాడవు. మూడో కాలు మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రమే గుండీ పాలిష్ అత్త ఇంటికి వెళ్ళింది. అత్తంటే మాస్టరు సొంత అక్క. ఊళ్ళో అలిగిన సామాన్లన్నిటికీ ఆవిడే దిక్కు. ఆవిడ చేతిలో టర్పెంటైన్ వాసన, నోట్లో కారం, రెండూ ఎప్పటికీ వదలవు. మాస్టరు ఇన్నాళ్ళూ ఆవిణ్ణి ఎందుకు పిలవలేదంటే, పిలిస్తే వస్తుంది, వస్తే చెయ్యి చూస్తుంది. చిన్నప్పుడు ఆ చేతికి సూది పట్టడం నేర్పింది ఆవిడే మరి.

ఆదివారం షాపుకు సెలవు. పొద్దెక్కుతుండగా అత్త వచ్చి, సగం లోపల సగం బయట ఉన్న బల్ల చుట్టూ తిరిగి, మధ్యనున్న మచ్చ దగ్గర ఆగింది. వంగి చూసింది. వేలితో జిడ్డు గీరి చూసింది.

"ఇస్త్రీ చేశావుటే?"

గుండీ తలూపింది.

"ఇంకా నయం, గంజి పెట్టలేదు!" అని అత్త గోడ పట్టుకుని మరీ నవ్వింది. నవ్వయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీలోంచి సీసా, గుడ్డలు, కొత్త మైనం డబ్బా తీసి నేల మీద పెట్టింది. "ఊఁ, మొదలుపెట్టు."

"నేనా? నువ్వు చేయవా అత్తా?"

"నేను చేస్తే అది నా వెంటే వచ్చేస్తుంది. మా ఇంట్లో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు. మొన్ననే ఎవరిదో ఊయల బల్ల వచ్చి వంటింట్లో దూరింది. చెయ్యి నీదే ఉండాలి, నోరు మాత్రం నాది ఉంటుంది."

నోరు నిజంగానే ఉంది. ముందు పాతదంతా పోవాలంది. గుండీ గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి, పిండి, కొంచెం కొంచెం చోటు తుడుచుకుంటూ పోయింది. నిన్నటి జిడ్డు వచ్చింది. దాని కింద ఏడాదిన్నర సుద్ద, నూనె, టీ అన్నీ వచ్చాయి. గుడ్డ నల్లబడితే ఇంకోటి తీసుకుంది, అదీ నల్లబడితే ఇంకోటి. చివరికి గుడ్డ తెల్లగా వెళ్ళి తెల్లగా తిరిగొచ్చింది. అప్పుడు వార్నిష్ కింద చెక్క చారలు కనబడ్డాయి. ఇన్నేళ్ళుగా ఆ బల్ల పక్కనే కూర్చుని గుండీలు కుట్టిన పిల్ల ఆ చారలు ఎప్పుడూ సరిగా చూడనే లేదు.

"ఇప్పుడు నీ ఘనకార్యం సంగతి చూద్దాం" అంది అత్త. దూదిలాంటి సన్నటి ఇనుప పీచు చేతికిచ్చి, దానికి మైనం అద్దుకోమంది. "మచ్చ మీద మెల్లగా రుద్దు. కాల్చిన మచ్చ వార్నిష్ పైనే ఉంది, లోపలికి దిగలేదు. పోతుంది. ఏయ్, అలా గుండ్రంగా కాదు! బట్టకి నిలువు పోగు లేదూ? చెక్కకీ అంతే. దాని వెంటే పోవాలి."

ఆ మాటతో గుండీ చేతికి దారి దొరికింది. పోగు వెంట పోవడం ఆమెకు కొత్త కాదు. భుజాలు కిందికి దించి, ఒకే బరువుతో, ఒకే దిక్కుగా రుద్దింది. చెయ్యి లాగింది. మార్చి ఎడం చేత్తో రుద్దింది. మచ్చ మొండికేసింది, ఈమె అంతకంటే మొండిది. మధ్యాహ్నానికి ఇస్త్రీ పెట్టె ముక్కు చెరిగింది, తర్వాత పక్కలు చెరిగాయి, తర్వాత ఎక్కడుండేదో వెతుక్కోవలసి వచ్చింది.

అప్పుడు అత్త కొత్త డబ్బా మూత తీసింది. ఇంత ముద్ద మైనాన్ని మెత్తని గుడ్డలో పెట్టి మూట కట్టించింది. మూటను వేళ్ళతో నొక్కితే గుడ్డ సందుల్లోంచి చెమట పట్టినట్టు మైనం ఊరింది. దాంతో బల్లంతా రాయమంది.

"కనబడేంత రాశావంటే ఎక్కువ రాసినట్టే. నిన్న నువ్వు మెత్తింది మైనం కాదే, నీ భయం. పలచగా, ఉందా లేదా అన్నట్టు రాయి."

"రంగు మైనం తేలేదేంటత్తా? దీనికి నల్లటిది బాగుంటుంది కదా."

"నువ్వు దీని మీద తెల్లబట్ట పరవవా ఏంటి? రంగుంటే అంటదూ?"

రాయడం అయింది. బల్ల ఇప్పుడు మెరవడం పోయి, ఊపిరి తగిలిన అద్దంలా మసకబారడం మొదలుపెట్టింది. గుండీ తుడవబోతే అత్త చేతి మీద ఒకటి వేసింది. ఆరాలి, కూర్చోమంది. ఇదే అన్నిటికంటే కష్టమైంది. బల్ల కాళ్ళు గడప అవతలే ఉన్నాయి. వీధిలో పోయేవాళ్ళు దాటుకుని పోతున్నారు. సోమవారం ఎంతో దూరంలో లేదు. గుండీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, దవడ బిగించి కూర్చుంది.

అంతలో మాస్టరు వచ్చాడు. అక్కను చూసి గబుక్కున కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"తియ్యరా" అంది అత్త.

"ఏంటక్కా?"

"చెయ్యి."

ఆయన తీశాడు. ఆవిడ దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ నోట్లోంచి ఒక్క కారం మాట కూడా రాలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎప్పట్నుంచి?"

"కిందటేటి వానల్నుంచి."

"నాకు చెప్పడానికి నామోషీ అయిందా? బల్లకయినా చెప్పాల్సింది. పాపం, అది తనమీదే నీకు మనసు విరిగిందనుకుంది." చెయ్యి వదిలేసి గుండీ వైపు తిరిగింది. "ఆరింది. ఇప్పుడు తుడువు."

గుండీ శుభ్రమైన గుడ్డ నాలుగు మడతలు పెట్టి తుడవడం మొదలుపెట్టింది. మసక విడిపోతూ, దాని వెనకాల్నించి మెరుపు రావడం మొదలైంది. నిన్నటిలా ధగధగ కాదు, నిదానమైన మెరుపు. గుడ్డ తిరగేసి మళ్ళీ తుడిచింది. వేలు పెట్టి చూస్తే వేలి ముద్ర పడలేదు. అత్త ఇంకో పూత అంది. మళ్ళీ రాయడం, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ తుడవడం. భుజాలు పడిపోయాయి. మాస్టరు కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

ఎండ వాలుతుండగా బల్ల గడప అవతలి కాళ్ళు ఒకటొకటిగా ఎత్తి లోపల పెట్టుకుంది. మెల్లగా వెనక్కి నడిచి గది మధ్యలో నిలబడింది. సొరుగు దానంతటదే బయటికి వచ్చింది. గుండీ పిన్నుల డబ్బా తీసి, సొరుగు మూసి, బల్ల మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. ఇంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

సోమవారం మైకా మనిషి షీటు చుట్టి చంకలో పెట్టుకుని, జిగురు డబ్బాతో వచ్చాడు. చిన్నాన్న బల్ల దగ్గరకు వెళ్ళాడు. పైన తన మొహం కనబడింది. చాలాసేపు దాన్నే చూసుకున్నాడు.

"సరే, మాటంటే మాటే" అన్నాడు మైకా మనిషితో. "నువ్వెళ్ళిపో బాబూ."

అంతవరకు బాగానే ఉంది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నర్సమ్మ వచ్చి తెల్లకోటుకు బట్ట ఇచ్చింది, కొలతలు పాతవే, సాయంత్రానికి కావాలంది. మంచి ఖరీదైన బట్ట. ఆమె వెళ్ళగానే గుండీ మేకు మీది టేపు తీసుకోబోయింది.

"ఆగాగు" అన్నాడు చిన్నాన్న. "తెల్లబట్టే! కొత్త మైనం మీద పరిచి మరకయితే? మొదటిసారే ఇలాంటిది... ఏమంటావు అన్నయ్యా?"

మాస్టరు టేపు వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"ఈ ఒక్కటి చిన్నాన్నని కత్తిరించనీ అమ్మా" అన్నాడు. "నువ్వు రేపట్నుంచి చూద్దువుగాని."

గుండీకి ఒళ్ళంతా మండింది. రేపు అనే మాట ఆ షాపులో ఆమెకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ అన్నీ రేపే.

"రేపు కాదు నాన్నా" అంది. "బల్ల ఎవరి దగ్గర ఆగితే వాళ్ళే మాస్టరన్నావు. ఆగింది."

టేపు మెడలో వేసుకుంది. తెల్లబట్ట విసిరి పరిచింది. అది బల్ల మీద నీళ్ళు పరుచుకున్నట్టు పరుచుకుంది, ఒక్క ముడత లేదు. అంచు తిప్పి వెలుతుర్లో చూసింది, ఒక్క మరక లేదు. సుద్దతో గీసింది. కత్తెర తీసుకుని మొదటి కోత కోసింది.

అప్పుడు బల్ల కదిలింది.

ఈసారి అలకతో కాదు. అలిగిన సామాను ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇది నిండు గ్లాసు పట్టుకున్న మనిషిలా, పైనున్నది తొణక్కుండా, నాలుగు కాళ్ళూ సమంగా వేస్తూ తలుపు వైపు నడిచింది. గుండీ ఆగలేదు. ఎడం అరచేత్తో బట్ట అదిమి పట్టుకుని, బల్లతో పాటు నడుస్తూ కత్తిరిస్తూ పోయింది. గడప దాటింది, మెట్లు దిగింది, వీధిలోకి వచ్చింది. సైకిళ్ళు ఆగాయి. ఒక కారతను హారన్ కొట్టబోయాడు.

"కొంచెం ఆగండి, భుజం దగ్గరున్నా" అంది గుండీ తలెత్తకుండా.

ఆయన ఆగాడు. భుజం దగ్గర తొందర పెట్టకూడదని ఎవరికి తెలియదు?

అవతలి అంచు అందనప్పుడల్లా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఎదురు వరసలో గడియారాలు బాగుచేసే ఆయన ఖాళీ చేసి వెళ్ళిన గది ఒకటి ఉంది. దాని సొంతదారు తలుపులు బార్లా తీసి, నిచ్చెనేసుకుని గోడలకు సున్నం వేయిస్తోంది. బల్ల రావడం చూసి నిచ్చెన పక్కకు జరిపించింది. "వెలుతురు ఇటుంది, ఇటు తిప్పమ్మా. అద్దె సంగతి తర్వాత చూద్దాం" అంది అంతే. బల్ల దానంతటదే అటు తిరిగి నిలబడింది. చివరి కోత అక్కడ పడింది.

ఇవతలి షాపు గుమ్మంలో అన్నాదమ్ములిద్దరూ నిలబడిపోయారు. వాళ్ళ వెనకాల గది మధ్యలో నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేదు. ముందుగా తేరుకుంది చిన్నాన్న.

"ఒసేయ్ గుండీ! కత్తిరించావు సరే, కుట్టేదెవరు?"

"నువ్వే చిన్నాన్నా!" అని అటునుంచి కేక. "వచ్చి తీసుకెళ్ళు. సాయంత్రానికి కావాలి. భుజం దగ్గర అరంగుళం అటూ ఇటూ అయితే ఊరుకోను!"

చిన్నాన్న వీధి దాటి వెళ్ళి ముక్కలు తెచ్చుకున్నాడు. చేతిలో వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో వంక దొరుకుతుందేమోనని గట్టిగానే చూశాడు. ఏదీ దొరక్క మిషనెక్కాడు.

మాస్టరు మాత్రం ఆ రోజంతా గుమ్మంలోనే ఉన్నాడు. బల్ల తననొదిలి పోయిందన్న బాధ కాదది. తన నోటి మాట మీద తాను నిలబడలేకపోతే, దాన్ని ఒక చెక్క నిలబెట్టాల్సి వచ్చిందని సిగ్గు. ఎదురు గదిలో కూతురు మెడలో టేపుతో, చిరిగిన గుడ్డతో బల్ల తుడుస్తూ కనబడుతోంది. ఒకరిద్దరు ఇటు రాబోయినవాళ్ళు బల్ల ఎక్కడుందో చూసుకుని అటు వెళ్ళారు.

మర్నాడు పొద్దున ఆయన స్నానం చేసి, ఇంట్లో పెట్టె తెరిచి, మడత విప్పని చొక్కా గుడ్డ ఒకటి తీశాడు. ఎప్పుడో తనకోసం కొనుక్కున్నది. తన చొక్కాలు ఎప్పుడూ తనే కత్తిరించుకున్న మనిషి, చెయ్యి పోయాక తమ్ముడి చేత కత్తిరింపించుకోవడానికి మనసొప్పక, కాలరు చిరుగులు పట్టిన చొక్కాలతోనే తిరుగుతున్నాడు. ఆ గుడ్డ చంకలో పెట్టుకుని తన షాపు ముందు నుంచి ఆగకుండా నడిచి, వీధి దాటాడు. కూతురి గది ముందు చెప్పులు విడిచాడు.

"చొక్కా కుట్టించుకోవాలి" అన్నాడు.

గుండీ ఆయన మొహంలోకి చూసింది. టేపు తీసి మెడ కొలిచింది, భుజం కొలిచింది. చెయ్యి చాపమంది. చాపితే వణికింది.

"కదలకు నాన్నా."

ఆయన కదలకుండా ఉండాలని శాయశక్తులా ప్రయత్నించాడు. కుదరలేదు. ఆమె ఆయన మణికట్టును తన అరచేతిలోకి తీసుకుంది. వణుకు సద్దుమణిగే దాకా, తొందరేమీ లేనట్టు, అలాగే పట్టుకుని ఉంది. తర్వాత చేతి పొడుగు కొలిచింది.

"జేబు ఒకటా, రెండా?"

ఆయన చెయ్యి మెల్లగా దించాడు.

"మీ ఇష్టం మాస్టరు గారూ."

ఆమె ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"రెండు" అని సుద్ద తీసుకుంది.